వాగుకు వదిలిన మేర

మా ఆవిడ వార్డు మెంబరుగా గెలిచిన ఏడు, ఆ వేసవిలో మా ఇంట్లో కలిసొచ్చింది నా షాపొక్కదానికే. నాది మోటార్లు చుట్టే పని. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఇవ్వాలి. ఎండాకాలంలో గిరాకీ ఎప్పుడూ ఉండేదే. కానీ ఆ ఏడు షాపులో చోటు చాలక మోటార్లని అరుగు మీదా, మెట్ల మీదా, చివరికి మా అమ్మ మంచం కిందా పెట్టాను. "నా కింద ఇంత ఇనుము పెట్టావు, నాకే తుప్పు పట్టేలా ఉందిరా" అని ఆవిడ రోజూ సణిగేది.

అన్ని మోటార్లు ఎందుకు కాలాయో చెప్పాలంటే మా వీధి వెనకున్న వాగు దగ్గర మొదలుపెట్టాలి.

మా వరసలో ఇళ్ళన్నిటి పెరళ్ళూ వాగు వైపుకే ఉంటాయి. పెరటి గోడ దాటితే అప్పట్లో అంతా పొద. నీళ్ళ అంచున జమ్ము, తుంగ, దాని వెనక రెల్లు, ఆ పైన మనిషెత్తు వావిలి, మధ్య మధ్య కానుగ చెట్లు. పుట్టి పెరిగిన ఇంట్లోనే ఉన్నా నేను మా పెరట్లోంచి వాగు నీళ్ళు చూసింది లేదు. చప్పుడు వినేవాళ్ళం, అంతే. చెత్త పారేయాలంటే ఆ పొదల్లోకి విసిరేవాళ్ళం. అది కనపడకుండా పోయేది. ఇంతకంటే ఆ పొదల గురించి మేమెవరం ఆలోచించలేదు.

మాకు మూడిళ్ళ అవతల, వాగు వంపు తిరిగేచోట పోస్టక్క ఇల్లు. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే ఉద్యోగం. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరికీ పోస్టక్కే. మా ఆవిడకీ ఆవిడకీ ప్రాణస్నేహం. ఒకరింట్లో కూర మాడితే రెండో ఇంట్లో అన్నం తినే రకం. అంతకు ముందు ఏడాది వానల్లో పోస్టక్క భర్త సాయంత్రం పూట తీగ మీంచి ఎగిరిపోయిన చొక్కా తెచ్చుకుందామని పెరటి గోడ దాటాడు. పాము కరిచింది. ఆసుపత్రి గేటు దాకా కూడా వెళ్ళలేదు మనిషి. బస్సు డిపోలో మెకానిక్కు, నాకూ స్నేహితుడే. కోపం రావడమన్నది తెలియని మనిషి.

మా ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టేది. వీధిలో ఆవిడ టేపు చుట్టని నడుము లేదు. ఎన్నికలొచ్చినప్పుడు ఎవరో సరదాకి "నువ్వు నిలబడమ్మా" అన్నారు, ఇంకెవరో నిజంగానే పేరు రాయించారు. ఆ వారంలోనే పోస్టక్క మా వంటింటికొచ్చి గడప మీద కూర్చుంది.

"నువ్వు గెలుస్తావు చెల్లీ. నాకు రోడ్డొద్దు, లైట్లొద్దు. ఆ పొద తీయించు" అంది.

"తీయిస్తానక్కా."

"మొత్తం తీయించాలి. వేరుతో సహా."

"తీయిస్తానన్నాగా."

మా ఆవిడ మరో హామీ ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరమూ రాలేదు. పోస్టక్క భర్త సంగతి తెలియని వాళ్ళు లేరు, పిల్లలున్న ఇంట్లో పాము భయం లేనివాళ్ళూ లేరు. గెలుపు నల్లేరు మీద బండిలా సాగిపోయింది.

గెలిచాక మొదటి పనిగా పొక్లెయిన్ తెప్పించింది. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. డ్రైవరు దిగి, ఒడ్డంతా ఒకసారి చూసి, "మేడమ్, చెట్లు కూడానా, పొదలు మాత్రమేనా?" అని అడిగాడు. మా ఆవిడ పోస్టక్క పెరటి వైపు చూసింది. పోస్టక్క ఆ రోజు సెలవు పెట్టి, వెనక గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మా ఆవిడ డ్రైవరు వైపు తిరిగి "అన్నీ" అంది.

రెండు మూడు రోజుల పనిలో వంతెన నుంచి వార్డు చివరిదాకా ఒడ్డు నున్నగా గొరిగిన తలలా తయారైంది. పోస్టక్క డ్రైవరుకి పూటపూటా టీ పట్టుకెళ్ళింది. కానుగ చెట్లు కూల్చినప్పుడు వేళ్ళతో పాటు ఇంత మట్టి పెళ్ళగించుకుని లేచాయి. ఆ గుంతల్ని యంత్రంతోనే పూడ్చి, పైన చదును చేశారు. మా అమ్మ పెరటి గోడ మీంచి తొంగి చూసి, "ఇన్నేళ్ళ కాపురంలో వాగు మొహం ఇప్పుడు చూశాను. నా మొహంలానే ఉంది, ఏం పెద్ద గొప్పగా లేదు" అంది.

అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రాలు కుర్చీలు తెచ్చుకుని ఒడ్డున కూర్చునేవారు. గాలి బాగా వస్తోందన్నారు. మా ఆవిడ వీధిలో నడిచి వెళ్తుంటే ప్రతి గుమ్మం ముందూ ఆగాల్సి వచ్చేది. నాకు షాపులో టీ ఊరికే వచ్చేది, మెంబరు గారి భర్తనని.

ఆ తర్వాతి వారంలో మా స్నానాల గదిలోకి పాము వచ్చింది.

మా అమ్మ చెంబు పట్టుకుని లోపలికెళ్ళి, అంతకంటే వేగంగా బయటికొచ్చి, తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. "ఏమే, నువ్వు పొదలు తీయించావు కదా, వాటికి వేరే ఇల్లెక్కడన్నా చూపించావా?" అని మా ఆవిడని అడిగింది. తర్వాత తెలిసింది, మా ఒక్కళ్ళింట్లోనే కాదు, ఆ వారం వరసలో చాలా ఇళ్ళలోకి వచ్చాయి. కట్టెల గదుల్లో, కోళ్ళ గూళ్ళలో, ఒకళ్ళ బూట్లో కూడా. పాములకి ఓట్లు లేవు కాబట్టి ఎక్కడికెళ్తారని వాటిని ఎవరూ అడగలేదు. ఎవరినీ కరవలేదు, అదొక అదృష్టం. కొన్నాళ్ళకి అవి కనపడడం మానేశాయి. ఎలకలు మాత్రం పెరిగాయి.

ఎండలు బాగా ముదిరాక వాగు మారింది. అప్పటిదాకా చెట్ల నీడన పారిన నీళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా నెత్తిన ఎండతో పారడం మొదలుపెట్టాయి. మొదట పచ్చటి నాచు. తర్వాత దాని మీద నురగ. తర్వాత వాసన. ఒకరోజు పొద్దున వెళ్ళి చూస్తే చిన్న చేపలు తెల్లగా పొట్టలు పైకి పెట్టి అంచున తేలుతున్నాయి. కుర్చీలు ఒక్కొక్కటే ఇళ్ళలోకి వెళ్ళిపోయాయి. దోమలు ఎంత పెరిగాయంటే సాయంత్రం అయిందంటే వీధిలో అందరూ ఎవరినో మెచ్చుకుంటున్నట్టు చేతులు చరుస్తూ కూర్చునేవారు.

అప్పుడే నా షాపు నిండింది. వాగులోంచి నీళ్ళు తోడుకునేవాళ్ళు మా దగ్గర చాలామంది. మొక్కల నర్సరీ వాళ్ళు, బట్టలుతికే కేంద్రం వాళ్ళు, కూరగాయల మడులవాళ్ళు. ఎండకి నీళ్ళు ఇగిరి మట్టం పడిపోయి పైపు గాలి పీలిస్తే మోటారు వేడెక్కి కాలిపోతుంది. చుట్టి ఇస్తే పది పదిహేను రోజుల్లో మళ్ళీ తెచ్చేవారు.

"ఏం చుట్టావయ్యా, తీగా, దారమా?" అని నర్సరీ ఆయన నా మీద ఎగిరాడు.

"నీళ్ళు లేకుండా నడిపితే ఎవడు చుట్టినా అంతే."

"నీళ్ళు లేవని నాకేం తెలుసు? ఎప్పుడూ ఉండేవిగా."

నిజమే, ఎప్పుడూ ఉండేవి. పక్కన పడేసిన పాత తీగ కుప్ప చూస్తూ ఆ మాట రెండుసార్లు అనుకున్నాను. ఇంట్లో మా ఆవిడకి చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడకే తెలుస్తోంది. గుమ్మాల దగ్గర ఆగి పలకరించేవాళ్ళు తగ్గారు.

వేసవి మధ్యలో ఒక మధ్యాహ్నం పెద్ద గాలివాన పడింది. పడింది కొద్దిసేపే. కానీ నీళ్ళు ఒక్కసారిగా దిగాయి. మేం పెరటి గోడ దగ్గర గొడుగు వేసుకుని నిలబడి చూశాం. వాగు కాఫీ రంగులో, చిక్కగా వచ్చింది. అంతకు ముందు ఎన్ని వానలు పడలేదు, ఎన్ని వరదలు రాలేదు! ఒడ్డు ఎప్పుడూ కదల్లేదు. ఆ రోజు మా కళ్ళ ముందే చదును చేసిన మట్టి అంచులంచులుగా విరిగి, కత్తితో కోసిన కేకు ముక్కల్లా నీళ్ళలోకి కూర్చుంది. చప్పుడు కూడా పెద్దగా లేదు. కూల్చిన చెట్ల గుంతలు పూడ్చిన చోట ముందుగా పోయింది.

పోస్టక్క ఇల్లు వంపు దగ్గర కాబట్టి అక్కడ ఎక్కువ దెబ్బ తగిలింది. పెరటి గోడ, ఉతుకుడు బండ, నిమ్మచెట్టు పోయాయి. వాన వెలిశాక వెళ్ళి చూస్తే వంటింటి వెనక గోడకీ ఒడ్డు అంచుకీ మధ్య ఒక మంచం పట్టేంత చోటు మిగిలింది. గోడకి వేలు దూరేంత బీట.

పోస్టక్క ఆ బీటలోకి చూసి, "పోనీలే చెల్లీ. పాములు రావుగా" అంది.

మా ఆవిడ ఒడ్డు అంచుదాకా వెళ్ళి కిందికి చూసింది.

వారం రోజులు మోటార్లలో ఇసక తప్ప మరేం లేదు. లోపల నీళ్ళని తోసే రెక్కలు, ఇంపెల్లర్లు, అరిగి అద్దాల్లా మెరిశాయి. ఆ వారం చివర ఒక పొద్దున మా ఆవిడ నా షాపుకొచ్చి, "ఏవండీ, ఒకసారి నాతో వంతెన అవతలికి రండి" అంది.

మా వార్డు కాలివంతెన దగ్గర మొదలవుతుంది. దానికి పైన ఉన్నది వేరే వార్డు. అక్కడ ఎవరూ హామీ ఇవ్వలేదు కాబట్టి పొదలు అలాగే ఉన్నాయి. వంతెన దిగి, జమ్ము పక్కకి తోసుకుంటూ ఒక సందులోంచి కిందికి వెళ్ళాం. లోపల చల్లగా ఉంది. అంతకు ముందు వారం అదే వాన, అదే నీళ్ళు అక్కణ్ణించే వచ్చాయి. ఒడ్డు చెక్కుచెదరలేదు. రెల్లు మొత్తం నీళ్ళు పారిన వైపుకి వాలి పడుకుని, మళ్ళీ లేస్తోంది. కానుగ వేళ్ళు నీళ్ళలోకి వేలాడుతూ ఉంటే వాటి మధ్య చేప పిల్లలు దూరుతున్నాయి. దుబ్బుల మొదట్లో కొత్తగా పేరుకున్న ఒండ్రు వేలెడు మందాన ఉంది. కొట్టుకొచ్చిన మట్టిని అవి పట్టుకుని ఆపుకున్నాయి.

మా ఆవిడ చెప్పులు విడిచి, వంగి, నీళ్ళలో చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. తర్వాత లేచి, వంతెన కిందినుంచి మా వార్డు వైపుకి వచ్చి, ఎండలో ఒడ్డు వెంట కొంత దూరం నడిచి, అక్కడా చెయ్యి పెట్టింది. తీసేసి చీరకి తుడుచుకుంది.

"మీరు పెట్టి చూడండి" అంది.

చూశాను. ఇటు నీళ్ళు స్నానానికి కాచినట్టున్నాయి.

"కుట్టేటప్పుడు అంచు మడిచి కుట్టు వేయకపోతే బట్ట పోగులు పోగులుగా ఊడిపోతుంది" అంది ఆవిడ. "ఆ మాత్రం నాకు తెలియాల్సింది."

విడిచిన చెప్పుల కోసం వంతెన వైపు తిరిగి నడిచింది.

మర్నాడే నీటిపారుదల శాఖ ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది. ఇంజనీరు నడివయసు ఆవిడ, బురద బూట్లతో తనే వచ్చి ఒడ్డంతా తిరిగింది. మా అరుగు మీద మోటార్ల మధ్య కూర్చుని మంచినీళ్ళు తాగి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"రాతిగోడ కట్టించమని అడుగుతారు మీవాళ్ళు. కట్టొచ్చు. కానీ గోడకి కొట్టుకున్న నీళ్ళు అవతలి ఒడ్డు మీద పడతాయి, కింది వార్డు మునుగుతుంది. పైగా గోడ నీడనివ్వదు, మట్టిని వడకట్టదు. మీకు కావాల్సింది మీరు తీసేసిన ఆ పొదే."

"మళ్ళీ మొలవడానికి ఎన్నాళ్ళు పడుతుంది మేడమ్?"

"రెల్లు, తుంగ ఈ వానలకే పట్టుకుంటాయి. వావిలి కొమ్మ గుచ్చితే చాలు. చెట్లకి ఏళ్ళు పడుతుంది. వేళ్ళు దిగాలి కాబట్టి పెద్ద వానలు ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిది మీకు."

"పాములో?"

ఇంజనీరు గ్లాసు కింద పెట్టింది. "వస్తాయి. రావని నేను చెప్పలేను. ఇళ్ళకీ పొదకీ మధ్య కొంత మేర గడ్డి కోసి ఖాళీగా ఉంచండి. చెత్త వేయడం మానేయండి. చెత్తకి ఎలకలు, ఎలకలకి పాములు. అంతకుమించి నా చేతిలో ఏం లేదు."

ఆ సాయంత్రం పోస్టక్క ఇంటికి నేనూ వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండేదనిపించింది, కానీ మా ఆవిడ రమ్మంది. వంటింట్లో కూర్చున్నాం. బీటలోంచి వెలుగు గీతలా లోపలికి పడుతోంది. మా ఆవిడ డొంకతిరుగుడు లేకుండా చెప్పింది, నాటించాలనుకుంటున్నానని, ముందు ఈ వంపు దగ్గరే నాటాలని, లేకపోతే ఈ గోడ ఆగదని.

పోస్టక్క స్టవ్ కట్టేసింది. "నువ్వు నాకు మాటిచ్చావు."

"ఇచ్చాను."

"ఈ ఇంట్లో కాదు, మీ ఇంట్లో, మీ గడప మీద."

"అవునక్కా. ఇచ్చాను, తీయించాను. అది పొరపాటైంది."

"పొరపాటా?" పోస్టక్క గొంతు పెంచలేదు. "నా మొగుడు పోయాడు, అది పొరపాటు కాదా? గోడ పడితే పడనీ. గోడ మళ్ళీ కట్టుకుంటాను. నా పెరట్లో ఒక్క రెల్లు దుబ్బు వేసినా నేను పీకి పారేస్తాను. తమ్ముడూ, నువ్వు చెప్పు, తప్పుగా మాట్లాడుతున్నానా?"

ఆవిడ తప్పుగా మాట్లాడడం లేదు. మా ఆవిడా తప్పుగా మాట్లాడడం లేదు. అలాంటప్పుడు మోటార్లు చుట్టేవాణ్ణి మధ్యలో కూర్చోబెట్టడం అన్యాయం.

"నువ్వు వద్దంటే నీ పెరట్లో వేయించను. మిగతా అంతటా వేయిస్తాను" అంది మా ఆవిడ, లేస్తూ.

"వేయించుకో. మళ్ళీ నా ఇంటికి రాకు."

ఆ మాటతో అన్నేళ్ళ స్నేహం ఆగిపోయింది. బయటికొచ్చాక మా ఆవిడ వీధి మొగ దాకా మామూలుగానే నడిచింది. మొగలో ఆగి, చెప్పు తెగినట్టు కిందికి వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. చెప్పు తెగలేదు.

నాటే పనికి వచ్చినవాళ్ళు తక్కువ, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కువ. "ఓట్లకి ముందు పీకుడు, ఓట్లయ్యాక నాటుడు" అని ఒకాయన గోడ మీద కూర్చుని పాటలాగా పాడాడు. మా ఆవిడ వినీ విననట్టు వంతెన అవతలి వార్డు మెంబరుని బతిమాలి, అక్కడి రెల్లు దుబ్బులు గడ్డపారతో చీల్చి, గోతాల్లో వేయించి తెప్పించింది. తుంగ గడ్డలు, వట్టివేరు పిలకలు నర్సరీ ఆయనే ఇచ్చాడు. అన్ని మోటార్లు కాలాక ఆయనకి జ్ఞానోదయమైంది. నేను పొద్దున షాపు తెరిచేముందు వెళ్ళి వావిలి కొమ్మలు గుచ్చేవాణ్ణి. మా అమ్మ కూడా స్టూలు వేయించుకుని కూర్చుని, ఏ కొమ్మ తలకిందులుగా గుచ్చానో చెప్పేది. ఒడ్డు పొడుగునా పచ్చగా చుక్కలు పెట్టుకుంటూ వెళ్ళి, పోస్టక్క ఇంటి హద్దు దగ్గర ఆపేశాం. దాని అవతలి హద్దు నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. మధ్యలో ఊడిన పన్ను చోటులా ఆ ఖాళీ.

వానలు ఆలస్యం కాలేదు. ఇంకా తొందరగా వచ్చాయి.

మొదటి వరదకి నాటినవాటిలో సగానికి సగం పోయాయి. కథల్లోలా అన్నీ నిలబడలేదు. వావిలి కొమ్మలు అగ్గిపుల్లల్లా కొట్టుకుపోయాయి. రెల్లు దుబ్బులు ఎక్కడ దగ్గర దగ్గరగా వేశామో అక్కడ కొంత ఆగింది ఒడ్డు. వాలి, మునిగి, బురద పూసుకుని, నీళ్ళు తీశాక ఒక్కొక్కటే లేచాయి. రెండో వరద వంపు దగ్గర ఖాళీలోకి తిరిగింది. పోస్టక్క డ్యూటీలో ఉండగా ఆవిడ వంటింటి గోడ, దానితో పాటు స్టవ్వూ గిన్నెలూ, వెనక గది సగమూ వాగులో పడిపోయాయి.

పోస్టాఫీసుకి కబురు పట్టుకెళ్ళింది నేనే. ఆవిడ చేతిలో ఉన్న ఉత్తరాల కట్ట పూర్తిగా విడదీసి, గళ్ళలో పెట్టి, అప్పుడు లేచింది. ఇంటి ముందు గుంపు చేరి ఉంది. మా ఆవిడ అప్పటికే లోపల దూరి, చేతికందిన బట్టలూ కాగితాలూ బయట పడేస్తోంది. పోస్టక్కని చూసి ఆగింది. మా అమ్మ వచ్చి పోస్టక్క చెయ్యి పట్టుకుని, "పదమ్మాయ్, మా ఇంటికి. నా మంచం కింద ఇనుము తీయిస్తాను, నువ్వు మంచం మీద పడుకో, నేను కింద పడుకుంటా" అంది. వేరే దారి లేక వచ్చింది.

అలా వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో మాట్లాడుకోకుండా కాపురం మొదలుపెట్టారు. మిషను వసారాలోకి మార్చి, పోస్టక్కకి కుట్టుగది ఇచ్చాం. అన్నం దగ్గర "ఉప్పు అందించమను పిన్నీ" అని ఆవిడ మా అమ్మతో అంటే, చెయ్యెత్తితే అందే దూరంలో ఉన్న మా ఆవిడ అందించేది. "కూర వేసుకోమనండి అత్తయ్యా" అని ఈవిడ. మా అమ్మ కొన్నాళ్ళు ఓపికపట్టి, ఒకరోజు కంచం ముందు లేచి, "నేను టెలిఫోను ఎక్స్ఛేంజీని కాదు" అని గదిలోకి వెళ్ళిపోయింది. ఆ పూట ఉప్పు లేకుండానే తిన్నాం అందరం. అయినా, మా ఆవిడ కుట్టుమిషను పోస్టక్క నిద్రపోయే వేళకి ఆపేసేది, పోస్టక్క డ్యూటీకి వెళ్తూ మా ఆవిడ మర్చిపోయిన కళ్ళజోడు తుడిచి మిషను మీద పెట్టి వెళ్ళేది. ఈ రెండూ నేను చూశాను గానీ ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి ఎన్నికల్లో మా ఆవిడ ఓడిపోయింది, బాగానే ఓడిపోయింది. అది తర్వాతి సంగతి.

వానలు కాస్త తెరిపిచ్చిన రోజున, పాత ఇంట్లో మిగిలిన బీరువా తెచ్చుకోవాలి రమ్మని పోస్టక్క నన్ను పిలిచింది. ముందు గదిలో బీరువా అలాగే ఉంది. దాన్ని కదిపే ముందు ఆవిడ వెనక గదిలోకి, అంటే అందులో మిగిలిన దాంట్లోకి వెళ్ళి, గోడ లేని వైపు నిలబడింది. నేను వెనకాలే వెళ్ళాను, అంచు విరుగుతుందేమోనని భయపడి.

కింద వాగు మట్టిరంగు తగ్గి, నెమ్మదిగా పారుతోంది. రెండు పక్కలా మేం నాటిన రెల్లు మోకాలెత్తు లేచింది. ఎవరూ నాటని చోట కూడా, కూలిన మట్టి వాలు మీద ఎక్కణ్ణించో గింజలు పడి సన్నటి గడ్డి పట్టింది. పోస్టక్క దాన్ని చూడలేదు. నీళ్ళ మధ్యకి చూస్తోంది.

"ఆయన్ని కరిచింది అక్కడ తమ్ముడూ."

నేను ఆవిడ వేలు చూపిన వైపు చూశాను. అక్కడ నీళ్ళున్నాయి. కరిచిన పొదా, పొద ఉన్న నేలా, ఆ నేల మీద ఏడాదిపాటు ఆవిడ పగబట్టి చూసిన ప్రతి జానా వాగులో కలిసి ఏ కింది ఊరికో వెళ్ళిపోయాయి.

"అవునక్కా" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చివరికి వెనక్కి తిరిగి, "బీరువా రేపు తీసుకెళ్దాం. చెల్లిని రమ్మను" అంది.

"నువ్వే చెప్పక్కా, ఇంట్లోనే ఉంది."

"నువ్వు చెప్పు."

చెప్పాను. మా ఆవిడ మిషను ఆపి, దారం కొరికి, కళ్ళజోడు తీసి పెట్టి లేచింది. మేం వెళ్ళేసరికి పోస్టక్క ఇంటి పక్క సందులోంచి పెరటి వైపుకి దిగి ఉంది. చేతిలో కూలిన దూలం నుంచి విరిగిన కర్ర ఉంది.

"మీ ఇంజనీరమ్మ మధ్యలో ఎంత మేర వదలమంది?" అని అడిగింది. అన్నాళ్ళకి నేరుగా మా ఆవిడతో అన్న మొదటి మాట అది.

"మనిషికి అడుగు ఎక్కడ వేస్తున్నదీ కనపడేంత అక్కా. అక్కడ గడ్డి నేనే కోయిస్తాను. నేను మెంబరుగా ఉన్నా, లేకపోయినా."

పోస్టక్క తలూపింది. వాగు అంచు నుంచి ఇంటి వైపుకి అడుగులు వేసుకుంటూ వచ్చి, ఒకచోట ఆగి, "ఇంతవరకూ వాగుకి" అంది. కర్ర గుచ్చబోయి ఆగింది. ఒకసారి తలెత్తి మిగిలిన ఇంటిని చూసింది, వెనక్కి తిరిగి నీళ్ళని చూసింది. తర్వాత ఇంటి వైపుకి ఇంకో అడుగు వేసి, అక్కడ కర్ర పాతింది.